ఎవరి లెక్కలో పద్దెనిమిది?

పాఠక మహాశయులారా, ఇవాళ్టి నుంచి ఆలోచించడం మానేయండి. మీ మంచికే చెబుతున్నాను.

ఆలోచన వల్ల నిద్ర చెడుతుంది. ఆకలి మందగిస్తుంది. స్నేహితులు తగ్గిపోతారు. పైగా ఇప్పుడు దాని అవసరం కూడా లేదు. మన బదులు ఆ చాకిరీ చేసిపెట్టడానికి పచ్చ టిక్కు వచ్చేసింది!

మీరంతా దాన్ని చూసే ఉంటారు. ఫోన్లోనో కంప్యూటర్లోనో గడులన్నీ నింపి బటన్ నొక్కుతారు. ఒక్క క్షణం గుండె ఆగుతుంది. ఎర్ర గీత పడిందా, మీరు మనిషే కాదు. పచ్చ టిక్కు పడిందా, ఇక మీ మాటకు తిరుగులేదు. మీరు రాసిన పుట్టిన తేదీ నిజమా కాదా అని అడిగే నాథుడు లేడు. తేదీలా ఉందా? ఉంది. పదండి లోపలికి.

ఇంత విశాల హృదయం మనుషుల్లో ఎక్కడైనా చూశారా? అద్దెకు ఇల్లు అడిగితే ఇంటి ఓనరు మీ ఏడు తరాలూ తవ్వి పోస్తాడు. పచ్చ టిక్కు అలాంటి నీచానికి దిగదు. ఇంటి పేరు గడిలో ఏదో ఒకటి ఉందా అని చూస్తుంది. ఉంటే నవ్వుతుంది. అంతే.

అలాంటి టిక్కును నమ్ముకున్న ఒక పరమ భక్తుడి కథ చెబుతాను. విన్నాక కూడా మీకు ఆలోచించాలనిపిస్తే, ఆ పాపం నాది కాదు.

ఆయన్ని ఆఫీసులో అందరూ గేటాయన అంటారు. చిన్న క్లినిక్కుల నుంచి పెద్ద ఆస్పత్రులకు రోగుల వివరాలు చేరవేసే కంపెనీ అది. రోగి మెట్లెక్కి ఆయాసపడుతూ చేరేలోపే ఆయన జబ్బు ముందుగా కంప్యూటర్లో వెళ్ళి కూర్చుని ఉంటుందన్నమాట. ఆ దారికి కాపలా గేటాయనది.

ఆ కాపలాను వాళ్ళ భాషలో స్కీమా అంటారు. భయపడకండి. ఏ గడిలో అంకె ఉండాలి, ఏ గడిలో తేదీ ఉండాలి, ఏ గడి ఖాళీగా ఉండకూడదు అని రాసి గుమ్మానికి తగిలించిన పట్టీ, అంతకు మించి ఏమీ లేదు. వచ్చిన సరుకు ఆ ఆకారంలో ఉంటే పచ్చ టిక్కు. లేకపోతే వచ్చిన దారినే వెనక్కి. రాసేదొక్కసారి, అది అందరికీ కనిపిస్తుంది, ఎవరికైనా ఒకటే న్యాయం. గేటాయన ఆ పట్టీని చూసుకుని మురిసిపోయినట్టు కొందరు తమ పెళ్ళి ఫోటో చూసుకుని కూడా మురిసిపోరు.

గేటు దాటాక లోపల ఇంకో కాపలా ఉంది. అది అప్లికేషన్ కోడు. ఆస్పత్రి కంప్యూటర్లో కూర్చుని, వచ్చినదానికి ఆకారం ఉంటే చాలదు, అర్థం కూడా ఉండాలని పట్టుబడుతుంది. దాన్ని రాసే ఆవిడను అందరూ ఎందుకమ్మ అంటారు. మగ పేషెంటు కాన్పుల వార్డులో ఉన్నాడెందుకు? ఆస్పత్రిలో చేరడానికి ముందే ఇంటికి వెళ్ళిపోయాడని రాశారెందుకు? నెలల పిల్ల రోజుకు పెట్టె సిగరెట్లు కాలుస్తోందెందుకు? ఆవిడకు పొద్దు పొడిస్తే ఎందుకు, పొద్దు గుంకితే ఎందుకు.

ఈ ఎందుకమ్మ మరెవరో కాదు. గేటాయన ధర్మపత్ని.

ఇద్దరూ ఒకే స్కూటరు మీద ఆఫీసుకు వస్తారు. స్కూటరు దిగేదాకా ఆయన ఆవిణ్ణి నువ్వంటాడు. లిఫ్టులో మాట్లాడడు. మూడో అంతస్తులో తలుపు తెరుచుకోగానే ఆవిడ మేడమ్ అయిపోతుంది, ఆయన సారైపోతాడు, యుద్ధం మొదలవుతుంది.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఆ వెనకటివాడే మన గేటాయనకు గురువు. జంతువా? జంతువే. ఈనిందా? ఈనింది. పచ్చ టిక్కు! ఎందుకమ్మ అలా కాదు. ఎద్దు ఈనడమేమిటని అక్కడే బైఠాయిస్తుంది. ప్రశ్న మంచిదే, కాదనను. కానీ ఆవిడ ఆ ప్రశ్నకు జవాబు రాబట్టేలోపు పక్కింటి ఆవు నిజంగానే ఈని, కట్టేసే దిక్కులేక ఆ దూడ వీధి దాటిపోతుంది.

మరి ఎవరిది ఒప్పు? తొందరపడకండి. ఇద్దరి ఘనకార్యాలూ విన్నాక తీర్పు చెప్పండి.

గేటాయన ఒకసారి ఇంటి పేరు తప్పనిసరి చేశాడు. కనీసం ఒక్క అక్షరమైనా ఉండాలన్నాడు. ఇంటి పేరు లేనివాళ్ళు, చెప్పడం ఇష్టం లేనివాళ్ళు, తీరిక లేనివాళ్ళు అందరూ కలిసి ఒక్కటే పని చేశారు. ఆ గడిలో చుక్క పెట్టారు. గేటు ఆ చుక్కను కళ్ళకద్దుకుని పచ్చ టిక్కిచ్చింది. ఏడాది తిరిగేసరికి కంపెనీ రిపోర్టులో ఒక విశేషం బయటపడింది. దేశంలోకెల్లా అతి పెద్ద కుటుంబం చుక్క వారిది! ఆ వంశంలో అన్ని జబ్బులూ ఉన్నాయి. ఇంత రోగిష్టి కుటుంబం మీద పరిశోధన చేయిద్దామని కంపెనీ యజమాని, అంటే అందరూ పెద్దాయన అనే ఆయన, ఒక ప్రొఫెసరుతో మాట్లాడడం కూడా మొదలుపెట్టాడు.

ఎందుకమ్మ ఏం తక్కువ తిన్లేదు. తొంభై దాటినవాళ్ళకు అన్ని పళ్ళూ ఉన్నట్టు వస్తే నమ్మొద్దని కోడులో ఎక్కడో ఒక వరస రాసి మరిచిపోయింది. తరవాత సరిగ్గా అలాంటి తాతగారే ఒకాయన తేలాడు. ఒక ఆస్పత్రి ఆయన్ని చేర్చుకుంది, ఇంకో ఆస్పత్రి తోసేసింది. ఆవిడ ప్రశ్నలు ఒక్కో ఆస్పత్రిలో ఒక్కో రకంగా పేరుకుపోయి ఉన్నాయి మరి. తాతగారు ఊరుకోలేదు. చిరునామా కనుక్కుని నేరుగా కంపెనీకే వచ్చాడు.

"నా నోట్లో పళ్ళు లేవన్నది ఎవరమ్మా?" అన్నాడు.

అందరి చూపులూ ఎందుకమ్మ వైపు తిరిగాయి. ఆయన బల్ల మీది పెన్సిలు తీసుకుని పటుక్కున కొరికి, రెండు ముక్కలూ ఎందుకమ్మ చేతిలో పెట్టి, గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ వెంటనే మీటింగు పెట్టారు. ఆ రూల్ ఎక్కడుందో చూపించమని పెద్దాయన అడిగాడు. ఎందుకమ్మ వెతికింది. అందరూ టీ తాగారు. ఇంకా వెతికింది. అందరూ రెండోసారి టీ తాగారు. గేటాయన తన పట్టీని గోడ మీద తెర వేసి అందరికీ చూపించాడు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా అద్దంలా ఉంది.

"సార్, గేటు దగ్గర వచ్చినవాడు మనిషేనా అని మాత్రమే చూడగలం. దొంగో దొరో లోపలివాళ్ళే కదా తేల్చుకోవాలి," అంది ఎందుకమ్మ.

"దొంగకైనా ఇంటి పేరు ఉంటుంది మేడమ్. అది నింపితే చాలు," అన్నాడు గేటాయన.

పెద్దాయన నవ్వాడు. యజమాని నవ్వితే తీర్పు వచ్చినట్టే కదా. ఇక మీద చూడాల్సిందంతా గేటే చూస్తుందనీ, లోపల ప్రశ్నలు తీసెయ్యాలనీ నిర్ణయమైపోయింది.

విజయం తలకెక్కినవాడు ఒక్క అడుగుతో ఆగుతాడా? గేటాయన కన్ను 'ఇతర వివరాలు' అనే గడి మీద పడింది. డాక్టర్లు తోచింది రాసుకునే గడి అది. అందులో నిజంగానే ఏదేదో రాసేవాళ్ళు. రోగి మాటకారి, వీలైనంత త్వరగా మత్తు ఇవ్వండి అని ఒకరు. బిల్లు చూపించే ముందు కూర్చోబెట్టండి అని ఇంకొకరు. ఒకాయన అయితే పద్యం కూడా రాశాడు. ఇందులో ఏది ఒప్పో ఏది తప్పో గేటు ఎలా తేలుస్తుంది? తేల్చలేనిది ఉండి ఏం లాభం? గేటాయన ఆ గడిని పీకేశాడు.

పీకడం సంగతి వచ్చింది కాబట్టి, ఇక అసలు కథలోకి పోదాం.

గేటాయనకు పన్ను నొప్పి పట్టుకుంది. కుడివైపు, పై దవడలో, అన్నిటికంటే వెనక. చన్నీళ్ళు తాగితే మెదడు దాకా జివ్వుమనేది. రెండు రోజులు లవంగం బుగ్గన పెట్టుకుని వీరుడిలా తిరిగాడు. మూడో రోజు ఎందుకమ్మ ఆయన్ని స్కూటరెక్కించి వీధి చివరి పళ్ళ డాక్టరమ్మ దగ్గర దింపింది.

డాక్టరమ్మ అద్దం పెట్టి చూసింది, పక్క గదిలో ఎక్స్‌రే తీయించింది. జ్ఞానదంతం అనీ, వేళ్ళు వంకరపోయాయనీ, తన వల్ల కాదు, పెద్దాస్పత్రిలో సర్జన్ పీకాలనీ తేల్చింది. కంప్యూటరు ముందు కూర్చుని వివరాలు నింపసాగింది. అది గేటాయన కంపెనీ తెరే! నొప్పిలో కూడా ఆయన ఛాతీ ఉబ్బింది.

పన్ను నంబరు గడిలో డాక్టరమ్మ పద్దెనిమిది అని కొట్టింది. తరవాత కళ్ళద్దాలు సవరించుకుని తెర కింది భాగమంతా వెతికింది.

"ఇక్కడ ఏదో రాసుకునే గడి ఉండేది. కుడి వైపు, పై దవడ అని రాద్దామంటే కనపడదేం?"

"అది నేనే తీసేశానండీ. అంకె ఉందిగా, అంకె చాలు," అన్నాడు గేటాయన, లవంగం మీదుగా.

ఎక్స్‌రే ఫోటో జత చెయ్యమని ఆవిడ అసిస్టెంటుకు చెప్పింది. ఫోటో జతపడింది. బటన్ నొక్కింది. గేటాయన ఊపిరి బిగబట్టాడు. పచ్చ టిక్కు పడింది. తన బిడ్డ స్కూల్లో ఫస్టొచ్చినట్టు ఆయన కళ్ళు చెమర్చాయి. నొప్పి వల్లేమోలే అనుకుంది డాక్టరమ్మ.

పెద్దాస్పత్రి సర్జన్ హుషారైన మనిషి. ఈల వేసుకుంటూ చేతులు కడుక్కుంటాడు. కుర్చీలో వెల్లకిలా పడుకున్న గేటాయనకు ఎదురుగా తెర, తెర మీద పద్దెనిమిది, దాని పక్కన పచ్చ టిక్కు కనిపించాయి. దేవుడి పటం ఎదురుగా ఉన్నంత ధైర్యంగా నోరు తెరిచాడు.

భయపడొద్దనీ, నొప్పిగా ఉంటే మాత్రం చెయ్యెత్తమనీ సర్జన్ చెప్పాడు. సూది తీశాడు. కింది దవడలో, ఎడమవైపు, కసుక్కున గుచ్చాడు.

గేటాయనకు చిన్న అనుమానం వచ్చింది. నొప్పి పైన కుడివైపు కదా, సూది కింద ఎడమవైపెందుకు?

ఎందుకు! ఆ మాట మనసులోకి రాగానే ఆయన తనను తానే చీవాట్లు పెట్టుకున్నాడు. ఇదంతా ఇంట్లో సావాస దోషం. నరాలు అటూ ఇటూ దాటుకుని ఉంటాయేమో, డాక్టరుకు తెలీదా? అయినా తెర మీద పచ్చ టిక్కు ఉంది. ఎవరి టిక్కు? తన టిక్కు. తన టిక్కు తనకే ద్రోహం చేస్తుందా?

చూశారా పాఠకులారా, నమ్మకం మనిషికి ఎంత ప్రశాంతతనిస్తుందో!

ఆ ప్రశాంతతలో ఎడమ పెదవి మొద్దుబారింది. తరవాత నాలుక. సిస్టర్ వచ్చి నోరు మూతపడకుండా రబ్బరు దిమ్మె ఒకటి, దాని పక్కన దూది దిండ్లు రెండు కుక్కి, ఉమ్మి లాగే గొట్టం కూడా తగిలించింది. అప్పుడు సర్జన్ చిన్న అద్దం తీసుకున్నాడు.

"నేను చాలా జాగ్రత్త మనిషిని సార్. పీకే ముందు ఒకసారి లెక్కపెట్టుకుంటాను," అన్నాడు.

పై దవడ, కుడివైపు, చిట్టచివరి పన్ను మీద అద్దంతో టక్కున తట్టాడు. "ఒకటి."

గేటాయన కుర్చీలోంచి జానెడు లేచాడు. అదే! నొప్పి ఉన్నది అదే! సిస్టర్ భుజం పట్టి పడుకోబెట్టింది. సర్జన్ లెక్క ఆపలేదు. రెండు, మూడు అంటూ పై వరసంతా చుట్టి, ఎడమవైపు కిందికి దిగి, కింది దవడలో ఉక్కులాంటి నమిలే పన్ను దగ్గర ఆగాడు.

"పద్దెనిమిది. కరెక్ట్."

గేటాయనకు అప్పుడు వెలిగింది.

పళ్ళను లెక్కపెట్టడానికి ఈ లోకంలో ఒకే పద్ధతి లేదు. డాక్టరమ్మ నోటిని నాలుగు వాటాలు చేస్తుంది. ఆ లెక్కలో మొదటి అంకె వాటాది, రెండోది ఆ వాటాలో పన్నుది. పై కుడి వాటా ఒకటి, అందులో చివరి పన్ను ఎనిమిది, పక్కపక్కన రాస్తే పద్దెనిమిది. ఈ సర్జన్ చదువుకున్న చోట ఒకటి నుంచి ముప్ఫై రెండు దాకా వరసగా చుట్టుకుంటూ పోతారు. ఈ లెక్కలో నొప్పి పన్ను ఒకటి. పద్దెనిమిదేమో నోటికి అటు చివర, కింద, ఏ పాపం ఎరగని పన్ను!

పద్దెనిమిది రెండు లెక్కల్లోనూ ఉంది. రెండు లెక్కల్లోనూ అంకే. అంకె ఉందా అని అడిగింది గేటు. ఉందన్నారు. ఎవరి లెక్కలో అని గేటు అడగదు. అడిగే ఎందుకమ్మ నోరు తనే మూయించాడు. పై దవడ అని రాసే గడిని తనే పీకేశాడు. తవ్వుకున్న గోతిలో తానే పడటం విన్నాం. గోతికి మూత కూడా తానే చేసుకుని పడినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం.

ఆ పన్ను సామాన్యమైంది కాదు. కుడివైపు నొప్పి మొదలైనప్పటి నుంచీ ఆయన తింటున్నదంతా ఎడమవైపే. ఇప్పుడది పోతే ఒకవైపు నొప్పి, ఇంకోవైపు బొక్క. ఇక గంజినీళ్ళే గతి.

గేటాయన చెయ్యెత్తాడు.

సర్జన్ వెంటనే ఆగాడు. అర్థమైందన్నట్టు తలూపి, అదే చోట ఇంకో సూది పొడిచాడు. ఈసారి రెండో చెయ్యెత్తాడు. ఇంకో సూది పడింది. రెండు చేతులూ కలిపి ఎత్తాడు. పాపం బాగా భయస్థుడని సర్జనూ సిస్టరూ జాలిపడ్డారు. చెయ్యెత్తడానికి ఆ గదిలో ఒక్కటే అర్థం రాసి ఉంది, అది నొప్పి. ఇంకో అర్థానికి గడి లేదు.

నోటితో చెప్పబోయాడు. అ, ఆలు తప్ప హల్లులేవీ బయటికి రాలేదు. ముక్కుతో గాలి పీల్చమని సిస్టర్ సలహా ఇచ్చింది.

అప్పుడు గేటాయన గాలిలో వేళ్ళాడించి, రాసిస్తానని సైగ చేశాడు. సిస్టర్ తెలివైనదే, వెంటనే అర్థం చేసుకుంది. పలకంత ట్యాబ్లెట్ కంప్యూటరు ఒకటి తెచ్చి ఆయన పొట్ట మీద పెట్టింది. ఆయన ఆశగా చూశాడు. తన కంపెనీ తెరే. మీ అనుభవం ఎలా ఉంది అని అడుగుతోంది. కింద ఐదు నక్షత్రాలు. రాసుకునే గడి కోసం పైకి తోశాడు, కిందికి తోశాడు. ఎక్కడ దొరుకుతుంది? చచ్చినవాడి జాతకంలో పెళ్ళి యోగం వెతికినట్టుంది. చివరికి కసి కొద్దీ ఒక్క నక్షత్రం నొక్కాడు. ధన్యవాదాలు, మీ అభిప్రాయం మాకు అమూల్యం అంది తెర. పచ్చ టిక్కు కూడా వేసింది.

సర్జన్ ఈల వేస్తూ పటకారు అందుకున్నాడు. చల్లటి ఇనుము ఎడమ పన్నును పట్టుకుంది. అటు ఒకసారి, ఇటు ఒకసారి కదిపాడు. పన్ను కదల్లేదు.

"గట్టి పన్నే. పైకి ఇంత బాగుంది కానీ లోపల పుచ్చి ఉంటుంది. లేకపోతే సిస్టం ఎందుకు పంపిస్తుంది?" అన్నాడు.

ఆ మాట విన్న గేటాయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది కేక కాదు, ఏడుపు కాదు. పెళ్ళైన కొత్తలో గ్యాస్ బండ కాలి మీద వేసుకున్నప్పుడు కూడా ఆయన నోట అలాంటిది రాలేదు.

బయట కుర్చీలో ఎందుకమ్మ తల ఎత్తింది. లోపలికి రాకూడదని తలుపు మీద రాసి ఉంది. ఎందుకు రాకూడదో రాసి లేదు. తోసుకుని వచ్చేసింది.

"మా ఆయన నొప్పికి ఇలా అరవరండీ. ఏ పన్ను తీస్తున్నారు?"

"పద్దెనిమిది అమ్మా. పచ్చ టిక్కు కూడా ఉంది, చూడండి."

"ఎవరి లెక్కలో పద్దెనిమిది?"

అంత చిన్న ప్రశ్న ఆ సర్జన్‌ను అంతవరకూ ఎవరూ అడగలేదు. పటకారు అలాగే పట్టుకుని, లెక్కంటే లెక్కే కదమ్మా అన్నాడు. ఎక్స్‌రే చూశారా అని అడిగిందావిడ. వచ్చిందన్నాడు సర్జన్. వచ్చిందా అని కాదు, చూశారా అని అడుగుతున్నానంది. ఎక్స్‌రే పక్కన కూడా పచ్చ టిక్కు ఉండగా తెరిచి చూసే పనేముందని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. సిస్టర్ ఫోటో తెరిచింది.

ముగ్గురూ తెర వైపు తిరిగారు. గేటాయన కనుగుడ్లు మాత్రమే తిప్పగలిగాడు.

ఫోటోలో కొళాయి ఉంది.

మంచి కొళాయే. కింద నీళ్ళు కారుతున్నాయి. ఫోటో ఉండాలి అంది గేటు. ఉంది. ఫోటో మరీ పెద్దది కాకూడదంది. కాదు. ఇంకేం కావాలి?

ఎందుకమ్మ డాక్టరమ్మకు ఫోన్ చేసింది. జ్ఞానదంతం, కుడివైపు, పై దవడ అని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. తన క్లినిక్కులో కొళాయి బాగు చెయ్యమని ప్లంబర్‌కు ఫోటో పంపిస్తే, అతను ఎవరిదో దవడ వచ్చింది, లీకేజీ ఎక్కడో తెలియడం లేదంటున్నాడేమిటని అప్పటి నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటోందట.

సర్జన్ పటకారు కింద పెట్టాడు. ఎడమ పన్ను బతికిపోయింది. గేటాయన కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. పాపం, ఆయన ముఖంలో అప్పటికి అదొక్కటే పనిచేస్తోంది.

కథ సుఖాంతం అనుకుంటున్నారా? అలా అనుకోవడం కూడా ఆలోచనే. మానేయమన్నాను కదా!

అసలు పన్ను ఇంకా నోట్లోనే ఉంది. సర్జన్ రికార్డు సరిదిద్దబోయాడు. పన్ను నంబరు గడిలో పద్దెనిమిది కొట్టేసి, తన లెక్క ప్రకారం ఒకటి అని కొట్టాడు. ఎర్ర గీత పడింది. పన్ను నంబరు పదకొండుకు తగ్గకూడదు! డాక్టరమ్మ లెక్కలో అంకెలు పదకొండు నుంచే మొదలవుతాయి కదా, లోకంలో ఆ లెక్క ఒక్కటే ఉందనుకుని గేటాయన స్వయంగా రాసిన రూల్ అది. తప్పు పన్నుకు తలుపులు బార్లా తెరిచిన గేటు, అసలు పన్ను వచ్చేసరికి మెడపట్టి గెంటింది.

పచ్చ టిక్కు పడితే గాని చెయ్యి వెయ్యనని సర్జన్ అన్నాడు. ఆస్పత్రి రూల్ అట. గేటాయన ఎడమవైపు మూడు సూదుల మత్తులో, కుడివైపు నిప్పుల కుంపటితో, నోరు తెరుచుకుని అలాగే పడుకుని ఉన్నాడు. ఎందుకమ్మ ఒక్క నిమిషం ఆయన ముఖంలోకి చూసింది. కీబోర్డు తన వైపు లాక్కుంది. మళ్ళీ పద్దెనిమిదే కొట్టింది.

పచ్చ టిక్కు పడింది.

"ఇప్పుడు తెర చూడకండి. ఆయన నోట్లోకి చూడండి," అంది సర్జన్‌తో.

ఆయన చూశాడు. కుడివైపు పైన తట్టాడు. గేటాయన మళ్ళీ జానెడు లేచాడు. అంతకంటే రుజువేం కావాలి? అక్కడ మత్తిచ్చి జ్ఞానదంతం పీకి పళ్ళెంలో వేశాడు. టంగుమని మోగింది.

ఆ సాయంత్రం ఇంట్లో గేటాయన రెండు బుగ్గలూ మొద్దుబారి సోఫాలో కూర్చున్నాడు. ఎందుకమ్మ చెప్పదల్చుకున్నవన్నీ చెప్పింది. పెళ్ళైనప్పటి నుంచీ మధ్యలో అడ్డు తగలకుండా ఆయన ఆవిడ మాట పూర్తిగా విన్నది ఆ ఒక్క సాయంత్రమే. చివర్లో ఆవిడ కూడా కాస్త తగ్గి, ఆ తాతగారి పెన్సిలు ముక్కలు ఇప్పటికీ తన డెస్కులోనే ఉన్నాయనీ, ప్రశ్నలు దాచిపెట్టడం తన తప్పేననీ ఒప్పుకుంది. ఆకారం గుమ్మంలో చూడాలి, అర్థం లోపల చూడాలి, ఎవరేం చూస్తున్నారో ఇద్దరికీ తెలియాలి అని ఒక ఒప్పందానికి వచ్చారు. ఆయన తలూపాడు. తలూపడమే చేతనవుతోంది మరి.

వాచిన బుగ్గతో గేటాయన ఆఫీసుకు వెళ్ళేసరికి గోడ మీద నెల రిపోర్టు వేలాడుతోంది. క్లినిక్ పంపింది పద్దెనిమిది. ఆస్పత్రి పీకింది పద్దెనిమిది. తప్పులు సున్నా! పెద్దాయన ఆయన వీపు తట్టి అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. గేటాయన ఏదో చెప్పబోయాడు. నోట్లో కుట్లు.

కానీ ఆయన ఊరుకోలేదు. మనిషి మారాడు. పన్ను నంబరు పక్కన ఎవరి లెక్క అని కొత్త గడి పెట్టాడు. తప్పనిసరి చేశాడు. ఎందుకమ్మ కూడా లోపల కొత్త ప్రశ్న ఒకటి పెట్టింది, అందరికీ కనిపించేలా, అన్ని ఆస్పత్రుల్లోనూ ఒకేలా. పేషెంటు నోరు తెరిచి చూశారా? దాని కింద అవును అని ఒక బటన్. జీవితంలో మొదటిసారి ఇద్దరూ లిఫ్టులో కూడా మాట్లాడుకుంటూ వెళ్ళారు.

వారం తిరక్కుండానే ఫలితాలు వచ్చాయి. ప్రతిసారీ ఆ బటన్ నొక్కలేక చేతులు నొప్పి పుడుతున్నాయని ఒక ఆస్పత్రివాళ్ళు, అవును అని దానంతట అదే పడేలా ఏర్పాటు చేసుకున్నారు. ఇప్పుడక్కడ పేషెంటు ఇంట్లో బయలుదేరకముందే ఆయన నోరు తెరిచి చూసేస్తున్నారు.

ఇక గేటాయన కొత్త గడి. మొట్టమొదట వచ్చిన వివరాలను భార్యాభర్తలిద్దరూ ఒకే తెర ముందు కూర్చుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తెరిచారు. పన్ను నంబరు ఉంది. ఎవరి లెక్క అన్న గడి నిండి ఉంది. పక్కన నిగనిగలాడుతూ పచ్చ టిక్కు.

గడిలో ఒక చుక్క ఉంది.

కాబట్టి నా మాట వినండి. గేటు గొప్పదా కోడు గొప్పదా అని తలలు బద్దలు కొట్టుకోవద్దు. అది చూడటం నీ పనంటే నీ పనని రెండూ ఒకదాని మీద ఒకటి ఎలాగూ తోసుకుంటాయి. ఏది చూసినా ఏది చూడకపోయినా పచ్చ టిక్కు మాత్రం పడి తీరుతుంది. నిశ్చింతగా ఉండండి.

ఒక్కటే చిన్న మనవి. ఎవరి లెక్కలో అని అడగాలంటే కుర్చీ ఎక్కకముందే నోరు తెరవండి. ఎక్కాక ఎలాగూ వాళ్ళే తెరిపిస్తారు, కానీ అప్పుడు అందులోంచి అ, ఆలు తప్ప ఇంకేం రావు.